వెనక తలుపు కేసులో ఒకటో ముద్దాయి

నాగరికత అంటే ఏమిటని ఎవరైనా నన్ను అడిగితే, చచ్చినవాడు సరైన చోటే చచ్చాడా లేదా అని పట్టించుకునే ఏర్పాటు అని జవాబు చెబుతాను. అడవిలో జింక చస్తే ఎవరూ చిరునామా అడగరు. తమిళనాడులో ఉన్నా తెలుగు మాట్లాడే మా హోసూరు, కృష్ణగిరి ప్రాంతంలో మాత్రం మనిషి చావాలంటే ముందు ఒక చోటు ఉండాలి. ఆ చోటుకు అనుమతి ఉండాలి. ఆ అనుమతిలో రాసిన పనికీ అక్కడ జరిగిన చావుకూ పొంతన కుదరాలి. ఇవన్నీ కుదిరేలా చచ్చేవాళ్ళు బాగా తక్కువ. (మా మేనమామ ఒకాయన చచ్చాడు. పెద్దాసుపత్రిలో, పని దినాన, సంతకం పెట్టే డాక్టరు టిఫినుకు వెళ్ళకముందే. ఆయన సర్టిఫికెట్టు ఆ సాయంత్రమే చేతికొచ్చింది. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో మా వాళ్ళు ఆ సంగతి చెప్పుకుంటారు.)

బేరిగై పక్క పల్లెకు చెందిన సిపాయి యశ్వంత్ ఈ విషయంలో తగినంత జాగ్రత్త తీసుకోలేదు. రాజస్థాన్ ఎండలో నల్లబడి, సెలవు మీద ఇంటికొచ్చాడు. అమ్మ నంజమ్మ చేసిన రాగిముద్ద తిన్నాడు. నాన్న శ్రీరంగప్పకు మోకాలి నొప్పిగా ఉంటే పశువులను తానే మేతకు తోలాడు. చిన్ననాటి స్నేహితుడు గోకుల్ తన పుట్టినరోజుకు రమ్మంటే, ఇస్త్రీ చొక్కా వేసుకుని హోసూరు వెళ్ళాడు. ఊరి బయట గులాబీ తోటల మధ్య 'మిడ్‌నైట్ రోజ్ లాంజ్' అనే చోట పాటలు పెట్టారు, రంగు లైట్లు వేశారు, ఎవరో సీసాకు మతాబా కట్టి వెలిగించారు. పైకప్పుకు అందంగా అంటించిన స్పాంజి షీటు ఆ మతాబాను ఆనందంగా అందుకుంది. యశ్వంత్, గోకుల్ ఇద్దరూ ముందు గుమ్మం నుంచి బయటపడ్డారు. యశ్వంత్ ఒక్క క్షణం నిలబడి చూసి, మళ్ళీ లోపలికి పోయాడు. ఆ తర్వాత కప్పు కూలింది.

సైన్యం తన పని తాను చేసింది. మనుషులను పంపింది, పెట్టె మీద జెండా కప్పింది, నంజమ్మ చేతికి ఆ జెండా మడిచి ఇచ్చింది. వాళ్ళ పద్ధతి చూసి మా ఊరు ఊరంతా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఏడుపు అయిపోయాక, ఊరన్నాక అడగవలసిన ప్రశ్న ఊరు అడిగింది: బయటికొచ్చినవాడు మళ్ళీ లోపలికి ఎందుకు పోయాడు? ఫోను మరిచిపోయాడని ఒకరన్నారు. సగం తాగిన సీసా వదల్లేక పోయాడని ఇంకొకరన్నారు. రెండో మాట వినడానికి బాగుంది కాబట్టి అదే నిలిచింది.

నంజమ్మకు కావలసింది ఒక్కటే. కొడుక్కి వీరగల్లు నిలబెట్టాలి.

వీరగల్లు అంటే తెలియనివాళ్ళకు చెబుతాను. మా ప్రాంతంలో పొలిమేరల్లో పాత రాళ్ళు వరసగా నిలబడి ఉంటాయి. ఒక్కో రాతి మీద ఒక మనిషి బొమ్మ, చేతిలో కత్తి, పక్కన ఆవులో పులో చెక్కి ఉంటాయి. పశువులను దొంగలు తోలుకుపోతుంటే అడ్డం పడి చచ్చినవాడికి, ఊరి మీద పడ్డ పులితో కలబడి చచ్చినవాడికి ఆ రాయి వేస్తారు. జబ్బుతో పోయినవాడికి వేయరు, ఎంత ధనవంతుడైనా వేయరు. ఇంకొకరి కోసం పోయినవాడికే రాయి. మా ఊళ్ళో దీనికి మరో కట్టుబాటు ఉంది. ఎవరిని కాపాడుతూ పోయాడో వాళ్ళే వచ్చి రాయి మీద మొదటి చెంబు నీళ్ళు పోయాలి. కాపాడింది ఆవులనైతే ఆ ఆవులనే తోలుకొచ్చి రాయి ముందు నిలబెట్టేవారట. ఆవులు వచ్చి నిలబడేవట కూడా. మేము ఆ రోజు వేరే ఊళ్ళో ఉన్నామని ఏ ఆవూ చెప్పినట్టు దాఖలా లేదు.

ఆ రాళ్ళకు పూజ చేసే ఇంటి పెద్ద వరదప్ప. చెడ్డవాడు కాదు, కట్టుబాటు మనిషి అంతే. నంజమ్మ అడగడానికి వెళ్ళినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను.

"వాడు లోపలికి ఎందుకు పోయినాడో తెలిస్తే చాలమ్మా. ఇంకొకరి కోసం పోయింటే నేనే ముందు నిలబడి రాయి వేయిస్తాను. ఊరు ఏమేమో అంటా ఉండాది. నేను అనలేదు" అన్నాడు వరదప్ప.

"మీరు అనలేదులేన్నా. వినినారు గదా" అన్నది నంజమ్మ.

వరదప్ప, "ఎవరన్నా ఒకరు రానీ. ఒక్కరు వచ్చి, నన్ను వాడు బయటికి తెచ్చినాడు అని నీళ్ళు పోస్తే చాలు" అన్నాడు. చావు పత్రంలో వాడు ఎక్కడ, ఎట్లా పోయిందీ సరిగ్గా రాయించుకురమ్మనీ, దాన్ని బట్టి వెతకవచ్చనీ సలహా కూడా ఇచ్చాడు. ఆయన జీవితంలో ఆఫీసులకు ఎక్కువగా పోలేదు కాబట్టి అంత తేలిగ్గా ఆ మాట అనగలిగాడు.

నంజమ్మ, శ్రీరంగప్పల వెంట కృష్ణగిరికి నేను వెళ్ళాను. వాళ్ళింటి పాలే మా ఇంటికి వస్తాయి. పైగా నాకొక పాత కారుంది, తమిళంలో దరఖాస్తు రాయడం వచ్చు, ఇంగ్లీషులో కోపగించుకోవడం వచ్చు. ఆఫీసుల్లో ఈ మూడూ ఉన్న మనిషికి గిరాకీ ఎక్కువ.

మేము వెళ్ళింది మరణ స్థల నిర్ధారణ విభాగానికి. (ఇలాంటి విభాగం ఉందని మీకు తెలియకపోతే, మీ ఇంట్లో అందరూ ఇంట్లోనే పోతున్నారన్నమాట. అదృష్టవంతులు.) అక్కడి ఉప నిర్ధారణాధికారి ధనశేఖర్ గారు మర్యాదస్తులు. మమ్మల్ని కూర్చోమన్నారు, నీళ్ళిప్పించారు, మా ఇంట్లో కూడా తెలుగే అన్నారు. ఆ తర్వాత ఫైలు తెరిచి, చల్లని కబురు చెప్పారు.

"అమ్మా, మీరు చెప్పే చోట నైట్ క్లబ్బు అనేది లేదు."

"కాలిపోయింది గదప్పా, ఇంక యాడుంటుంది?" అన్నాడు శ్రీరంగప్ప.

"కాలకముందు కూడా లేదు."

ఆయన ఫైలు మా వైపు తిప్పి చూపించారు. ఆ కట్టడం గులాబీ పూల శీతల గిడ్డంగి. రైతుల సంక్షేమం కోసం కట్టింది. లోపల ఎప్పుడూ నాలుగు డిగ్రీలు ఉండాలని షరతు. పాటల మాట ఎత్తితే, పూలు సంగీతానికి ఎక్కువసేపు వాడకుండా ఉంటాయని యజమాని యతీశ్ గారు ఒక పరిశోధన జతపరిచారు. రంగు లైట్లు పూల నాణ్యత పరీక్షకు. లోపలి మనుషులు పూల కొనుగోలుదారులు. పేరులో రోజ్ అని ఉండనే ఉంది కదా అని ధనశేఖర్ గారు గుర్తుచేశారు.

"ఇప్పుడు నా కష్టం మీరు అర్థం చేసుకోవాలి. నాలుగు డిగ్రీల్లో మనిషి మంటకు పోయినాడని నేనెట్లా రాసేది? చలికి పోయినాడంటే రాయగలను. న్యుమోనియా అయితే ఈ రోజే ఇస్తాను."

తన కొడుకు రాజస్థాన్ రాత్రుల చలికే పోలేదని నంజమ్మ చెప్పింది. ఆయన తల ఊపి, ఇంకో మార్గం సూచించారు. జాతీయ రహదారి మీద పోయినట్టు రాయించుకుంటే అందరికీ సుఖం. ఆ చోటు మీద ఎవరికీ అభ్యంతరం ఉండదు, దానికి అచ్చయిన ఫారాలు బోలెడున్నాయి, ఏ కిలోమీటరు రాయి దగ్గరన్నది కుటుంబమే ఎంచుకోవచ్చు. "సూళగిరి దగ్గర ఒక వంపు ఉంది, మంచి పేరున్న వంపు" అని కూడా అన్నారు. ఆ మాటలో వెటకారం లేదు. మనిషి నిజంగానే సాయం చేస్తున్నాననుకున్నాడు. నాకు కోపం వచ్చింది, కానీ ఇంగ్లీషు రాలేదు.

"నా కొడుకు రోడ్డు మీద పోలేదప్పా. ఎవరినో బయటికి తోయను పోయినాడు, ఆ లోపల పోయినాడు. ఆ మాట రాయి. నాకు ఇంకేమీ వద్దు" అన్నది నంజమ్మ.

దానికి సాక్ష్యం కావాలన్నారు. న్యాయమే. ఆ సాయంత్రం లోపలున్నవాళ్ళెవరైనా వచ్చి చెప్పవచ్చునన్నారు. ఇక్కడే ఈ జిల్లాలో మనుషుల క్రమశిక్షణ ఎంత గొప్పదో నాకు తెలిసింది. ఆ సాయంత్రం లోపలున్నవాళ్ళు ఎవరూ ఆ సాయంత్రం లోపల లేరు. ఒకాయన తిరుమలలో ఉన్నాడు, ఇంట్లో లడ్డూ కూడా ఇచ్చాడు. కాలేజీ పిల్లలు ముగ్గురు పరీక్షకు చదువుకుంటున్నారు. ఒక వ్యాపారి అయ్యప్ప మాల వేసుకున్నానని పెళ్ళాంతో చెప్పాడు, చెప్పాడు కాబట్టి నిజంగా వేసుకోవలసి వచ్చింది. గోకుల్ ఒక్కడే ధైర్యంగా ముందుకొచ్చాడు. వాడు ముందే బయటపడ్డాడు కాబట్టి, లోపల ఏం జరిగిందో వాడికి తెలియదు.

అయితే ప్రభుత్వం తరఫున ఒక మనిషి అక్కడ ఉన్నాడని ఫైల్లోనే ఉంది. సాక్షాత్తూ ఆ విభాగపు తనిఖీ ఉద్యోగి ఆ సాయంత్రమే గిడ్డంగిని పరిశీలించి, "ఉష్ణోగ్రత సంతృప్తికరం" అని రాశాడు. ఆయన పక్క బల్ల దగ్గరే కూర్చుని ఉన్నాడు. రెండు కనుబొమలూ లేవు. చేతికి కట్టు ఉంది.

నంజమ్మ లేచి ఆయన ముందుకు వెళ్ళి నిలబడింది. "అప్పా, నువ్వు ఆడ ఉండినావా?"

"తనిఖీకి మాత్రమే అమ్మా."

"బయటికి ఎట్ల వచ్చినావు?"

"తనిఖీ పూర్తయింది."

"యా తలుపులో వచ్చినావు?"

ఆయన కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. సర్దిన కాగితాలనే మళ్ళీ సర్దాడు, అది నేను చూశాను. నంజమ్మ కూడా చూసి, ఇంకేమీ అడగకుండా వెనక్కి వచ్చేసింది. ధనశేఖర్ గారు మరణ స్థలం గడిలో 'నిర్ధారణలో ఉంది' అని రాసి, భోజనానికి లేచారు.

తిరిగొస్తుంటే, ఊరు దగ్గరపడ్డాక శ్రీరంగప్ప కారులో, "పశువులే మేలు" అన్నాడు.

ఈ దేశంలో చిక్కుముడి పడినప్పుడల్లా దాన్ని విప్పేది మంచివాళ్ళు కాదు, నష్టపోయినవాళ్ళు. గిడ్డంగి యజమాని యతీశ్ గారు నష్టపోయారు. బీమా కంపెనీ మంటకు పరిహారం ఇవ్వలేనన్నది, శీతల గిడ్డంగిలో మంట ఎలా వచ్చిందని అదీ అడిగింది. కానీ ఎవరైనా పగలగొట్టిన వస్తువుకు మాత్రం ఇస్తానన్నది. యతీశ్ గారు బూడిదలో నడిచి వెతికితే, అటువంటి వస్తువు ఒకటి దొరికింది. వెనక తలుపు. దాన్ని ఎవరు ఎలా పగలగొట్టారో బయటపడిన తన పనివాళ్ళ చేత చెప్పించుకుని, వెంటనే పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇచ్చారు.

స్టేషను నుంచి శ్రీరంగప్పకు పిలుపు వచ్చింది. అక్కడి రైటరు మునిరాజు ఆ ఫిర్యాదును తమిళంలో చదివాడు, నేను తెలుగులో చెప్పాను. దాని సారం ఇది: "మా గిడ్డంగి వెనక తలుపును, పూల చల్లదనం బయటికి పోకుండా గొలుసుతో తాళం వేసి భద్రపరచియుండగా, సిపాయి యశ్వంత్ అను వ్యక్తి యజమాని అనుమతి లేకుండా లోపల ప్రవేశించి, ఇనుప బల్లతో పలుమార్లు మోది, సదరు తలుపును పగలగొట్టి, లోపల ఉన్న కొనుగోలుదారులను ఒక్కొక్కరిగా బయటికి పంపి, వారు బిల్లు చెల్లించకుండా వెళ్ళిపోవుటకు తోడ్పడెను."

నేను చెప్పడం ఆపి చూస్తే, శ్రీరంగప్ప కళ్ళనిండా నీళ్ళు. మనిషి నవ్వుతున్నాడు.

"ఇంకొక తూరి చెప్పప్పా" అన్నాడు. మళ్ళీ చెప్పాను. "ఒక్కొక్కరిగా" దగ్గర నన్ను ఆపి, ఆ మాట మూడోసారి చెప్పించుకున్నాడు.

మునిరాజు ఇబ్బందిగా కదిలాడు. ముద్దాయి తండ్రి ఇలా సంతోషించడం ఆయన సర్వీసులో చూడలేదు. "మీరు భయపడొద్దప్పా. ముద్దాయి చనిపోయినాడు గదా. చనిపోయినవాని మీద కేసు నడవదు. రేపు మూసేస్తాము" అని ధైర్యం చెప్పాడు.

"మూయొద్దు సారూ."

"ఏమప్పా?"

"మావాడే పగలగొట్టినాడు. గట్టిగా రాసుకోండి. చిన్నప్పుడు మా ఇంటి తలుపు గూడా పగలగొట్టినాడు, అది గూడా రాసుకోండి."

తన కొడుకును ముద్దాయిగా ఉంచమని తండ్రి బతిమాలడం, పోలీసులు కుదరదనడం, ఇలా కాసేపు సాగింది. చట్టం మునిరాజు వైపు ఉంది. ముద్దాయి ఒక్కడే, ఆ ఒక్కడూ లేడు. కేసు మూసేస్తే తలుపు ఎవరూ పగలగొట్టలేదన్నట్టే. అప్పుడు ఎవరూ బయటికి రానట్టే. యశ్వంత్ మళ్ళీ సీసా కోసం లోపలికి పోయినవాడే అవుతాడు.

మేము వరండాలో కూర్చుని ఏం చేయాలో ఆలోచిస్తుండగా ఒక అమ్మాయి వచ్చింది. కంపెనీ యూనిఫాం మీద స్వెటరు వేసుకుంది, మోచేతి దాకా కట్టు ఉంది. పేరు మోనిషా. సొంతూరు మత్తూరు, హోసూరులో ఫోను విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో పని, కంపెనీ లేడీస్ హాస్టల్లో ఉంటుంది. ఆ సాయంత్రం మత్తూరులో అక్క ఇంటికి పోతున్నానని హాస్టల్లో చెప్పి వచ్చింది. అబద్ధం చెప్పి పోయిన అమ్మాయిలకూ, పోలీసు కేసున్న అమ్మాయిలకూ ఆ హాస్టల్లో చోటు లేదు. ఈ వివరాలన్నీ ఆమె తర్వాత చెప్పింది. అప్పుడు మాత్రం నేరుగా మునిరాజు బల్ల దగ్గరికి పోయి నిలబడింది.

"సార్, తలుపు కేసు ఇక్కడేనా? నేను ఆ తలుపులోనుంచి వచ్చినాను. బిల్లు కట్టలేదు."

మునిరాజు కలం కింద పెట్టాడు. "అమ్మా, ఆలోచించి చెప్పు. ఇది రాస్తే నువ్వు ముద్దాయివి అవుతావు."

"రాయండి సార్. పది రోజులుగా నిద్ర రాలేదు. ఆయన పేరు పేపర్లో చూసినాను, ఇప్పుడు ఈ తలుపు కేసు గూడా పేపర్లో వచ్చింది. తాగి పడిపోయి కాలినాడని మా లైన్లో అందరూ మాట్లాడుకుంటా ఉంటే, నోరు మూసుకొని కూర్చున్నాను."

అలా ఆమె రెండో ముద్దాయి అయింది. ('పగిలిన తలుపు గుండా, బిల్లు చెల్లించక, ప్రాణములతో వెళ్ళుట' అని నేరం.) రెండో ముద్దాయి బతికి ఉంది కాబట్టి కేసు మూయడానికి లేదు. కేసు ఉంది కాబట్టి తలుపు పగిలింది. తలుపు పగిలింది కాబట్టి ఒకటో ముద్దాయి దాన్ని పగలగొట్టాడు. చట్టానికి ఒక అందం ఉందని అందరూ అంటుంటే నమ్మేవాణ్ణి కాదు. ఆ రోజు నా కళ్ళతో చూశాను.

మోనిషాను మా కారులోనే ఊరికి తీసుకొచ్చాం. నంజమ్మ పశువుల కొట్టం ముందు పేడ ఎత్తుతోంది. పిల్ల ఎవరో మేము చెప్పగానే చేతులు కడుక్కుని వచ్చింది. ఆ పిల్లను కింది నుంచి పైకి చూసి, మొదట అడిగిన మాట, "తిన్నావా అమ్మా?"

తినలేదని తెలిసి ముందు అన్నం పెట్టింది. పిల్ల కట్టు ఉన్న చేత్తో తినలేకపోతుంటే తానే ముద్దలు కలిపి ఇచ్చింది. ఈలోపు వరదప్ప వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఆయన్ను చూసి ఊళ్ళో సగం మంది వచ్చారు. సీసా మాట పుట్టించినవాళ్ళు కూడా వచ్చారు, కాస్త వెనకగా నిలబడ్డారు.

"ఫిర్యాదులో రాసింది విన్నాను. కాగితంలో ఎవరైనా ఏమైనా రాసుకోవచ్చు. నువ్వు చెప్పమ్మా. వాణ్ణి చూసినావా నువ్వు?" అని అడిగాడు వరదప్ప.

"చూడలేదు తాతా."

జనంలో గుసగుస లేచింది. వరదప్ప ముఖం చిన్నబోయింది. ఆయన కూడా ఆ పిల్ల చూశానంటే బాగుండుననే అనుకున్నాడని నాకు ఆ ముఖంలో కనిపించింది.

"పొగలో ఏమీ కనిపించలేదు. అందరూ అరుస్తా ఉండారు, ఒకరి మీద ఒకరు పడతా ఉండారు. నేను కింద పడిపోయినాను. అప్పుడు ఎవరో చేసే శబ్దం వినిపించింది. అరుపు కాదు. మాటా కాదు. గొంతులో మెల్లగా, ఒకే తీరుగా. వీపు మీద చరుస్తా, ఆ శబ్దం చేస్తా, మమ్మల్ని గోడ వెంబడి తోలినాడు. ఎవరో ఏమో తెలియదు, కానీ ఆ శబ్దం వింటే కాళ్ళు వాటంతట అవే నడిచినాయి. తలుపు దగ్గర నన్ను బయటికి తోసి, ఆయన వెనక్కి తిరిగినాడు. లోపలినుంచి ఆ శబ్దం మళ్ళీ వినిపించింది. తరవాత లేదు."

"ఏమి శబ్దం?" అన్నాడు వరదప్ప.

మోనిషా సిగ్గుపడింది. నంజమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. పిల్ల కళ్ళు మూసుకుని, గొంతు తగ్గించి, "ఊవ్... ఊవ్... బ్బా బ్బా... ఊవ్" అన్నది.

కొట్టంలో పడుకున్న ఆవులు రెండూ లేచి నిలబడ్డాయి.

ఆ కూత మా ఊరిది కాదు. నంజమ్మ పుట్టిల్లు డెంకణికోట అడవి అంచున ఉంది. ఏనుగులు దగ్గరికి వచ్చినప్పుడు అక్కడివాళ్ళు పశువులను అరిచి తోలరు. అరిస్తే ఏనుగు వింటుంది, పశువులు బెదిరి చెల్లాచెదరవుతాయి. అందుకని ఇలా మెల్లగా, గొంతులోనే కూస్తూ, వీపు చరుస్తూ, ఒకదాని వెనక ఒకటిగా తప్పిస్తారు. నంజమ్మ ఆ కూతను పెళ్ళయి వస్తూ తెచ్చుకుంది. మా ఊళ్ళో ఆ ఇంటి పశువులకు తప్ప ఇంకే పశువులకూ అది తెలియదు. అది కూయగలిగినవాళ్ళు ఇద్దరే, నంజమ్మ, ఆమె కొడుకు.

నంజమ్మ అప్పటిదాకా ఎవరి ముందూ ఏడవలేదు. ఇప్పుడు ఆ పిల్లను పట్టుకుని ఏడ్చింది. "బెదరకుండా తోలినాడమ్మా, బెదరకుండా తోలినాడు" అని అదే మాట అంటూ ఏడ్చింది. శ్రీరంగప్ప ఆవుల దగ్గరికి పోయి వాటి మెడ నిమురుతూ నిలబడ్డాడు. వరదప్ప లేచి, భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని, "రాయి నేను తెప్పిస్తాను" అన్నాడు.

సీసా మాట పుట్టించినవాళ్ళు ఎప్పుడు వెళ్ళిపోయారో ఎవరూ చూడలేదు. మరుసటి రోజు నుంచి, మొదట్నుంచీ మేము అదే అనుకున్నామని వాళ్ళు చెప్పుకోసాగారు.

రాయి విషయంలోనూ ప్రభుత్వం ఊరుకోలేదు. కొత్త వీరగల్లు నిలబెట్టాలంటే అది కనీసం కొన్ని వందల ఏళ్ళ నాటిదై ఉండాలని ఒక కార్యాలయం నుంచి అభ్యంతరం వచ్చింది. కొన్ని వందల ఏళ్ళు ఆగి చూడమని వరదప్ప వాళ్ళకు కబురు పంపాడు. రాతి మీద సొంతంగా పొగడ్తలు రాస్తే వివాదం రావచ్చనీ, ప్రభుత్వ రికార్డులో ఉన్న మాటలైతే ఎవరూ కాదనలేరనీ నేను సలహా ఇచ్చాను. అందుకని యతీశ్ గారి ఫిర్యాదే చెక్కించారు. పైన సిపాయి బొమ్మ, చేతిలో కత్తికి బదులు బల్ల, ముందు వరసగా మనుషులు. శిల్పికి మనుషులకన్నా ఆవులు చెక్కడం అలవాటు కాబట్టి, ఆ వరసలో ఒకరిద్దరికి కొమ్ములున్నట్టు కనిపిస్తుంది. కింద అక్షరాలు: "యశ్వంత్, సిపాయి. యజమాని అనుమతి లేకుండా వెనక తలుపు పగలగొట్టి, లోపలివారిని ఒక్కొక్కరిగా బయటికి పంపెను."

మొదటి చెంబు నీళ్ళు మోనిషా పోసింది. అప్పటికి హాస్టలు ఆమెను ఖాళీ చేయించింది, మత్తూరులో అక్క ఇంటి నుంచి రెండు బస్సులు మారి పనికి పోతోంది. నీళ్ళు పోస్తుండగా పొలిమేర దగ్గర ఒక జీపు వచ్చి ఆగింది. అందులోంచి కనుబొమలు సగం మొలిచిన ఆ తనిఖీ ఉద్యోగి దిగి, చాలాసేపు దూరంగా నిలబడ్డాడు. నంజమ్మే చెంబు నింపి ఆయన దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన ఎవరి వైపూ చూడకుండా రాయి మీద నీళ్ళు పోసి, రాతి ఉష్ణోగ్రత పరీక్షించడానికి వచ్చానని చెప్పి వెళ్ళిపోయాడు.

చావు పత్రం కూడా వచ్చింది. కేసు రికార్డు చూశాక ధనశేఖర్ గారికి రాయక తప్పలేదు. మరణ స్థలం గడిలో, "గులాబీ పూల శీతల గిడ్డంగి, వెనక తలుపు వద్ద" అని ఉంది. కారణం గడిలో, "ఉష్ణోగ్రతలో హెచ్చు" అని ఉంది. నంజమ్మకు నేను చదివి వినిపించాను. చోటు సరిగ్గా రాసినారు, అది చాలు అన్నది.

కేసు ఇంకా నడుస్తోంది. ఒకటో ముద్దాయి వాయిదాలకు రావడం లేదని యతీశ్ గారి లాయరు కోర్టులో ఫిర్యాదు చేశాడు. రెండో ముద్దాయి పనికి సెలవు పెట్టి ప్రతి వాయిదాకూ వస్తోంది.

గిడ్డంగి మరమ్మతు పూర్తయింది, పోయిన వారం మళ్ళీ తెరిచారు. పైకప్పుకు కొత్త స్పాంజి అంటించారు, రంగు లైట్లు మునుపటికన్నా బాగున్నాయట. వెనక తలుపుకు గొలుసు, తాళం వేశారు. ఈసారి అనుమతి తీసుకునే వేశారు.